దుమ్ము ఎలా గుంపు కడుతుంది? రాయ్‌చౌధురి ఈక్వేషన్ కథ

మా డోన్‌లో ఎండాకాలం మధ్యాహ్నం సుడిగాలి లేస్తే దుమ్ము గిర్రున తిరుగుతూ పైకి పోతుంది. ఈ రోజు కథ కూడా దుమ్ముదే. నవ్వకండి, విశ్వం లెక్కల్లో గెలాక్సీల్ని నిజంగానే 'దుమ్ము' అంటారు.

1915లో ఐన్‌స్టీన్ జనరల్ రిలేటివిటీ ఇచ్చాడు. 1922లో ఫ్రీడ్‌మన్ దాన్ని మొత్తం విశ్వానికి వాడాడు, కానీ ఒక షార్ట్‌కట్‌తో. పదార్థం అన్నిచోట్లా ఒకేలా పరుచుకుని ఉందనుకున్నాడు. లెక్క తేలికైంది, సరే. మరి గెలాక్సీలెక్కడివి? డోన్ ఎక్కడిది?

ఆ షార్ట్‌కట్‌ని పక్కన పెట్టింది కలకత్తాలో ఒక లెక్చరర్, అమల్ కుమార్ రాయ్‌చౌధురి గారు. 1923లో బరిసాల్‌లో పుట్టారు. అశుతోష్ కాలేజీలో పాఠాలు చెప్పి, 1952లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. అక్కడ ఇచ్చిన పని లోహాల మీద, మనసేమో రిలేటివిటీ మీద. పగలు కంపెనీ ప్రాజెక్టు, రాత్రి సొంత కోడ్ రాసుకునేవాళ్లకి ఈ బాధ తెలుసు కదా! అయినా వదల్లేదు. 1955లో 'ఫిజికల్ రివ్యూ'లో ఆయన పేపర్ వచ్చింది.

అందులో ప్రశ్న ఇది: పక్కపక్కనే పోతున్న రేణువుల గుంపు సైజు ఎలా మారుతుంది? పదార్థం గుంపుని దగ్గరికి లాగుతుంది. గుంపు ఒకవైపు సాగి ఇంకోవైపు నొక్కుకుపోతే అదీ కుంచించుకోడానికే సాయం. తిరుగుడు మాత్రం ఎదురు నిలుస్తుంది, మన సుడిగాలి లాగా. కాస్త బరువెక్కువున్న చోట విశ్వం వ్యాకోచం నెమ్మదించి, ఆగి, వెనక్కి తిరిగితే అక్కడ గెలాక్సీకి పునాది పడినట్టే. పెన్‌రోజ్, హాకింగ్ తర్వాత ఈ ఈక్వేషన్‌నే సింగ్యులారిటీల కోసం వాడారు, పేరు అటువైపే ఎక్కువ వచ్చింది.

ఇక కంప్యూటర్లు. విశ్వం సిమ్యులేషన్లు దశాబ్దాలుగా న్యూటన్ సూత్రంతోనే నడిచాయి. మోసమేం కాదు. గెలాక్సీల దగ్గర గ్రావిటీ బలహీనం, వేగాలు కాంతి కన్నా చాలా తక్కువ, న్యూటన్ సరిపోతాడు. కాంతికి దగ్గర వేగంతో పరుగెత్తే న్యూట్రినోలకీ, కనిపించే విశ్వమంత పెద్ద దూరాలకీ సరిపోడు. 2016లో ఆడమెక్, దావెరియో, డ్యూరర్, కున్జ్ అనే నలుగురు 'జెవల్యూషన్' అనే కోడ్‌తో నేరుగా రిలేటివిటీ నుంచే లెక్క కట్టారు. మామూలు పదార్థానికి తేడా చిన్నదే వచ్చింది. చిన్నదేనని ఇన్నాళ్లూ అనుకున్నారు, ఇప్పుడు చేతిలో నంబర్ ఉంది.

ఆ కోడ్ ఓపెన్ సోర్స్, సీ ప్లస్ ప్లస్‌లో ఉంది. పెద్ద రన్‌కి సూపర్ కంప్యూటర్ కావాలి గానీ, ల్యాప్‌టాప్‌లో చిన్న బాక్స్‌తో మొదలుపెట్టి చూడండి.