సూర్యుని వాయువు, చంద్రుని మన్ను

సూర్యాపేట, కోదాడల మీదుగా తూర్పునకు సాగు రాజమార్గము తుదకు బందరు చేరును. 1868 ఆగస్టు 18వ తేదీన ఆ బందరునందు మదరాసు నక్షత్రశాలాధిపతి పోగ్సనును, గుంటూరునందు ఫ్రెంచి పండితుడు జాన్సెనును సంపూర్ణ సూర్యగ్రహణమును పరీక్షించిరి. జనులు గ్రహణస్నానములకు పోవు ఘడియలలో వీరు వెలుగును వర్ణములుగా విడదీసి చూచుచుండిరి. సూర్యుని యంచున లేచు జ్వాలలు వాయుమయములని తేలెను. వాని వెలుగున నొక పసుపుపచ్చని గీత గానవచ్చెను. అది భూమిపై నెఱుగని పదార్థముయొక్క గుర్తని పిదప లాకియరను నాంగ్లేయుడు వాదించి, సూర్యుని గ్రీకు పేరునుబట్టి దానికి హీలియమని పేరిడెను. 1895లో రామ్సే దానిని భూమిపైననే పట్టెను. ఎక్కడ? యురేనియము గల యొక ఖనిజమునందు! ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

భూమిపైని హీలియము చాలవఱకు యురేనియము, థోరియముల క్షయమువలన పుట్టినదే. హీలియము-3 అను తేలికరకము మిక్కిలి యరుదు. సూర్యుడు దీనిని నిరంతరము వెదజల్లుచున్నను మన భూమి కయస్కాంతశక్తియు వాయుమండలమును కవచములై దానిని రానీయవు. చంద్రునికా కవచములు లేవు. కావున యుగయుగములుగా నచటి ధూళిలో నది యింకియున్నది. 1969లో తెచ్చిన చంద్రమృత్తికలో సూర్యుని వాయువులు కనబడెను. 1986లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు విటెన్‌బర్గు, సాంటేరియస్, కుల్చిన్‌స్కీ యను మువ్వురు, ఈ వాయువును త్రవ్వితెచ్చి డ్యూటీరియముతో సంలీనము గావించి విద్యుత్తు తీయవచ్చునని ప్రకటించిరి. ఈ సంలీనమున ముఖ్యముగా వెలువడునది న్యూట్రాను గాక ప్రోటాను; కనుక యంత్రపు గోడలకు రేడియోధార్మికత తక్కువగా నంటును. బొత్తిగా నంటదనుట మాత్రము సత్యము కాదు. డ్యూటీరియపు టణువులు తమలో తాము కలిసినచో న్యూట్రానులు పుట్టును. కావలసిన వేడిమియు కొన్ని యితర సంలీనములకంటె మిక్కుటము. అట్టి విద్యుత్కేంద్రము నేటివఱకు లోకమున లేదు.

సరే, ఉన్నదనుకొందము. ధూళిలో నూఱుకోట్ల పాళ్లకు పదిపాళ్లు హీలియము-3 ఉన్నచో, ఒక్క టన్నుకై పదికోట్ల టన్నుల ధూళిని త్రవ్వి, సుమారు 700 డిగ్రీలకు కాచవలయును. మిర్యాలగూడ మిల్లులో బియ్యమునుండి రాళ్లేరుదురు. ఇది రాళ్లగుట్టలో నొక్క నూకను వెదకుట. దీనినే నిర్మలశక్తి యనుచున్నాము. దీపము వెలుగు నింటినిబట్టి పెట్టిన పేరే కాని, త్రవ్వినచోటు నడిగి పెట్టినది కాదు.

త్రవ్వుచోటు పలికినప్పు డేమగునో నల్లగొండ సీమ యెఱుగును. నాగార్జునసాగరమునకు దాపున లంబాపురము, పెద్దగట్టు గ్రామములకడ (సూర్యాపేటవారి జాతర జరుగు పెద్దగట్టు వేఱు) గ్రానైటునకును, దానిపై శ్రీశైలపు రాతిపొరలకును నడుమ యురేనియము గనబడెను. దానిని త్రవ్వ నిశ్చయించి 2003 ఆగస్టు 19వ తేదీన ప్రజాభిప్రాయ సేకరణసభ జరిపిరి. అణువిద్యుత్తు బొగ్గుపొగ లేనిదని చెప్పినవారి మాట యసత్యము కాదు. కాని గ్రామస్థులు నీటిమాట యెత్తిరి. ఆ జలాశయముననుండియే యెడమకాలువ మిర్యాలగూడ, కోదాడల పొలములకు పోవును. హైదరాబాదునకు త్రాగునీరును పోవును. శుద్ధికర్మాగారమునకు దేవరకొండ ప్రాంతపు శేరిపల్లిని తలచగా 2005లో మరల వాదము చెలరేగెను. నేటివఱకు నచట గని తెఱవబడలేదు. ఆ గ్రామస్థులది యజ్ఞానమని నవ్వినవారున్నారు. తన కాలువలో నేమి కలియునో యడుగుట యజ్ఞానమైనచో వంటయింటి గృహిణులందఱు నజ్ఞానులే!

చంద్రునిపై గ్రామసభ లేదు, సాక్ష్యమునకు కాగితములే గలవు. 1967నాటి యంతరిక్ష సంధి చంద్రుని ఏ రాజ్యమును తనదనరాదని చెప్పెను. త్రవ్వితీసిన మన్నెవరిదో స్పష్టముగా చెప్పలేదు. 1979నాటి ఒడంబడిక చంద్రసంపద మానవులందఱి యుమ్మడి సొత్తనెను. భారతదేశము దానిపై 1982లో సంతకము చేసినది గాని నేటికిని ధ్రువపఱచలేదు. 2015లో అమెరికా, త్రవ్వినది త్రవ్వినవారిదేయని తన పౌరులకు చట్టము చేసికొనెను. 2023 జూనులో మనదేశము అమెరికా ప్రారంభించిన ఆర్టెమిస్ ఒప్పందములలో చేరెను. చంద్రుని వనరులు తీయుట తనంతట దాని నాక్రమించుట కాదని వాని భావము. రెండు నెలలకు, ఆగస్టు 23న, చంద్రయానము-3 దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది. ఉమ్మడి సొత్తన్న పాత సంతకమును, తీసికొనవచ్చునన్న క్రొత్త సంతకమును మన శాసనసభలలో నెదురెదురుగా నుంచి చర్చింపవలసిన దినము, త్రవ్వుయంత్రము బయలుదేరక ముందే రావలెను.