పాతరలో పచ్చిమేత

పాడిగల ఇంట ఒకప్పుడు నీళ్ళతొట్టి ప్రక్కనే కుడితితొట్టి యుండెడిది. బియ్యము కడిగిన నీళ్ళు, మిగిలిన గంజి, కూరగాయల తొక్కలు, గుప్పెడు తవుడు, కలిగినవారింట కొంచెము తెలగపిండి - ఇవన్నియు అందు చేరి, రాత్రికి పులిసి, తెల్లవారునప్పటికి గేదె మూతి ముంచి పైకెత్తని ఆహారమగుచుండెను. మనకు తరవాణి యెట్టిదో పశువునకు కుడితి అట్టిది. పారవేయవలసినదానిని పులియబెట్టి మేపుట యను ఈ విద్యను మన ఇండ్లలో స్త్రీలు ఏ శాస్త్రజ్ఞుని సాయమును లేకయే సాగించిరి.

అయితే తొట్టిలో జరిగినది ఒక రాత్రి పని. కార్తికమాసపు పచ్చిమేతను వైశాఖము వరకు ఇట్లే నిలుపవచ్చునా? ఈ ప్రశ్నకు నిలుకడయైన సమాధానము పందొమ్మిదవ శతాబ్దమున యూరపులో దొరకెను. ఆ చరిత్రలో మేము ముఖ్యముగా గమనింపదలచినది, ఆ పద్ధతికి దారి తీసినవానిలో పంట తీసికొనగా మిగిలిన ఆకు, పిప్పి మొదలైనవి ఉండుటయే.

ఆ దేశములలో చక్కెర బీటు దుంపనుండి తీయుదురు. శరత్కాలమున కొలది వారములలో దుంపలన్నియు కర్మాగారమునకు చేరును. పొలమున ఆకులును, కర్మాగారమున పిప్పియు గుట్టలుగా మిగులును. ఎండబెట్టుదమన్న ఎండ లేదు, వదలివేసిన కుళ్ళును. కనుక వానిని గోతులలో కప్పిపెట్టుట అలవాటయ్యెను. స్టుట్‌గార్ట్ ప్రాంతమున చక్కెర కర్మాగారము నడపిన ఎడాల్ఫ్ రైలెన్ అట్లు చేయువాడే. ఆయన అమెరికా రకపు మొక్కజొన్న కూడ పెంచెను. అది పండకముందే మంచు దెబ్బ తగులగా, దానిని కూడ 1860 దశకమున గోతులలో పూడ్పించెను. తెరచి చూడగా పశువులు ఇష్టముగా తినెను. ఆ వార్త 1870లో ఫ్రెంచి వ్యవసాయ పత్రికకెక్కెను.

ఫ్రాన్సులో సొలోన్ అను నిస్సారభూముల ప్రాంతమున ఒగుస్త్ గొఫార్ అను భూస్వామి అంతకు పూర్వమే ఇట్టి ప్రయత్నములలో ఉండెను. ఏండ్లకొలది గోతులు కట్టించెను, నింపెను, తెరచెను, పెక్కుమార్లు చెడినది. తుదకు ఆయన పట్టుకొన్న రహస్యము మూడు మాటలలో చెప్పవచ్చును: సన్నగా నరుకుట, గట్టిగా అదుముట, గాలి చొరకుండ కప్పుట. 1877లో ఆయన గ్రంథము వెలువడెను. అచిరకాలముననే న్యూయార్కులో దాని ఆంగ్లానువాదము కూడ వచ్చెను. గోతికి ఆ దేశములలో ‘సైలో’ అని పేరు. స్పానిషు భాషలో అది ధాన్యము దాచు గోయి. మన పాతర అదే కదా! వారు ధాన్యపు పాతర పేరునే గడ్డికి పెట్టుకొనిరి. మనవారు సైలేజిని ‘పాతర గడ్డి’ అనిరి. ఇరువురకును తోచిన పోలిక ఒక్కటే.

ఆ 1877వ సంవత్సరమును మేము ఊరక తలపలేము. అది మద్రాసు రాజధానిలో 1876 నుండి 1878 వరకు సాగిన మహాక్షామపు నడిమి యేడు. బళ్ళారి, కర్నూలు, కడప మండలములలో మనుష్యులతోబాటు పశువులును మేతలేక మడిసెను. ఎద్దు చచ్చిన రైతు, వాన కురిసిన పిమ్మట కూడ దున్నలేడు. పాతర ఆ కరవును ఆపెడిదని చెప్పుట అతిశయోక్తి. వానలే లేనియేట నింపుటకు పచ్చి యెక్కడిది? కాని బాగుగా మూసిన పాతరలోని మేత ఏండ్ల తరబడి నిలుచును. మంచియేటి పచ్చి చెడ్డయేటికి అందెడి మార్గమైతే అప్పటికే తెలిసియుండెను. అది మన రైతు గడపకు రాలేదు.

గోతిలో జరుగునదేమి? 1857లో పాస్టరు, పాలు పులియుట సూక్ష్మజీవుల పనియని లీల్ నగరమున ప్రకటించెను. పాతరలోనిదియు అదియే. లోపల మిగిలిన గాలిని మొక్క శ్వాసించి ముగించును. పిదప పెరుగు తోడువంటి జీవులు మొక్కలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును; ఆ పులుపే మేతను కాపాడును. పులుపు చాలకున్నచో, మరియొక జాతి జీవులు చేరి దుర్గంధము పుట్టించి మాంసకృత్తులను నాశనము చేయును. ఫిన్లాండు రసాయనవేత్త విర్టనెన్ 1920 దశకపు చివర ఈ లోపమును సరిదిద్దెను. మేతపై పలుచని ఆమ్లము చల్లి, పులుపును మొదటనే కావలసినంతకు తెచ్చుట ఆయన ఉపాయము. అందులకే 1945లో ఆయనకు నోబెల్ బహుమానము. గడ్డి నిలువచేయు పద్ధతికి అంతటి గౌరవమా యని ఆశ్చర్యపడువారు, చలికాలమున పాలు లేని దేశమును ఒక్కసారి ఊహింపవలెను.

మన దేశమున ఆమ్లమునకు బదులు చక్కెర మిల్లు మడ్డి చాలును. చెరకు మొవ్వలో తీపి ఉన్నది కనుక అది తనంత తానే చక్కగా పులియును. వేరుశనగ తీగవంటి కాయజాతి మేతకు మడ్డి తోడు కావలెను. ఎండిన వరిగడ్డి మాత్రము పాతరకు లొంగదు. దానిలో నీరును లేదు, చక్కెరయు లేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున మేత కరవైన జర్మనీలో బెక్మన్ గడ్డిని దాహక సోడా నీటిలో నానబెట్టి మెత్తపరచెను, కాని కడుగునపుడు సారము కొంత నీటిపాలయ్యెను. తరువాత వచ్చిన యూరియా పద్ధతి సులభము: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీరు, మూడు వారములు గాలి చొరకుండ కప్పవలెను. పుట్టిన అమ్మోనియా గడ్డిని మెత్తపరచును. దూడలకు మాత్రము దీనిని పెట్టరాదు.

నేడు తెలుగునాట మొక్కజొన్నను కండెలతో సహా నరికి, ప్లాస్టిక్కు చుట్టిన మూటలుగా అమ్ముచున్నారు. మంచిదే, కాని అది మేతకై పెంచిన పంట, వెలపెట్టి కొనవలసినది. కోతయంత్రము వెనుక వరిగడ్డిని మండించు పొలములును, పచ్చికండెలు విరిచి అమ్ముకొనగా మిగిలిన పచ్చని చొప్పను వదలివేయు మళ్ళును ఇంకను కలవు. రోజుకు ఒక్కొక్క దానికి 20 కిలోల చొప్పున రెండు గేదెలకు మూడు నెలల మేత 3,600 కిలోలు. దానికి 3 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర లోతు గల గోయి సుమారుగా సరిపోవును. నీరూరని మెట్టచోట త్రవ్వి, చొప్పను అంగుళపు ముక్కలుగా నరికి, పొరపొరకు త్రొక్కించి, పైన పట్టాయు మన్నును కప్పవలెను. నలువది, నలువదియైదు దినములకు ఒక ప్రక్కనుండి తెరచినచో పసుపు కలిసిన ఆకుపచ్చ రంగును, పుల్లని కమ్మని వాసనయు కనబడవలెను. తెరచిన పిమ్మట ఏనాటి మేత ఆనాడు తీసి, ముఖమును మరల కప్పవలెను.