తడిగుడ్డ వైద్యం

నాన్నగారి అంబాసిడర్ కనిపించినప్పుడల్లా మావారు, "తెనాలి శిల్పులకిచ్చెయ్, చక్కటి విగ్రహమవుతుంది" అంటారు. నిజమే, మా ఊళ్ళో పాత బండ్ల నట్లూ బోల్టులే నాయకులవుతున్నాయి!

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మొదలైన బండి ఇది. మాది 1985లో కొన్న మార్క్ 4, ఇంజను 1489 సీసీ. పుట్టుక చలిదేశానిది. మన రోహిణికార్తెకి ఎలా తట్టుకుంటుంది చెప్పండి?

కిందటేడు రేపల్లెలో మేనకోడలి పెళ్ళికి వెళుతూంటే వేమూరు దాటగానే ఆగిపోయింది. పెట్రోలుంది, బ్యాటరీ ఉంది, కదలదు. మంగళసూత్రాలేమో నా సంచిలో!

బాపట్లలో ఇలాంటి బండే ఉన్న మాస్టారికి ఫోను చేశాను.

"పెట్రోలు పంపు ఇంజనుని అంటిపెట్టుకుని ఉంటుందమ్మా. ఆ వేడికి లోపల పెట్రోలు ఆవిరై, కార్బురేటర్‌కి అందటంలేదు. తడిగుడ్డ చుట్టి పావుగంట ఆగు."

జ్వరం పిల్లకి నుదుట వేసినట్టే వేశాను. నవ్వకండి, బండి కదిలింది. ముహూర్తం తప్పలేదు.

మర్నాడు రేపల్లెలో పంపు విప్పిస్తే లోపలి డయాఫ్రం బీటలిచ్చి ఉంది. 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది కదా, సామానంటే మాకు ముందు గుర్తొచ్చేది ఇంకో అంబాసిడర్ ఉన్న ఇల్లే. మాస్టారు తన దగ్గరున్నది బస్సులో పంపించారు. డబ్బిస్తానంటే కోప్పడ్డారు.

మొన్న మాఘంలో ఆయన పోయారు. వాళ్ళావిడ పాత వాయిలు చీరలో చుట్టి కార్బురేటర్ పంపుతూ, "బండి అమ్మేస్తున్నామమ్మా, ఇది మాత్రం నువ్వుంచుకో" అన్నారు.

మావారే దాన్ని పెట్రోలుతో కడిగి, తుడిచి, అలమారాలో పెట్టారు. విగ్రహం మాట ఎత్తలేదు.