తక్కువ విషపు లోహ ఉత్ప్రేరకాలు: వరంగల్, హైదరాబాద్ పరిశోధనలు

కర్బన సంశ్లేషణలో పాదరసం, సీసం, కాడ్మియం వంటి లోహాలను పక్కనపెట్టి బిస్మత్, ఇనుము, జింక్, జిర్కోనియం లవణాలను ఉత్ప్రేరకాలుగా వాడటమే ఈ పద్ధతి. 1998లో పాల్ అనస్టస్, జాన్ వార్నర్ హరిత రసాయన శాస్త్రానికి 12 సూత్రాలు కూర్చాక తక్కువ విషపు లోహాల కోసం వెతుకులాట ఊపందుకుంది.

వాటిలో బిస్మత్‌ది విచిత్రమైన కథ. ఆవర్తన పట్టికలో సీసానికి పక్కింటిది, కానీ కడుపుమంట మందుల్లోనూ వాడతారు. నోటి ద్వారా ఇస్తే సగం ఎలుకలను చంపే బిస్మత్ క్లోరైడ్ మోతాదు కిలో బరువుకు 3.3 గ్రాములు, ఉప్పుకు ఈ అంకె సుమారు 3. అంటే మింగినప్పటి తక్షణ విషతీవ్రతలో అది వంటింటి ఉప్పు కంటే ఎక్కువేమీ కాదు.

తెలుగు నేలపై ఈ పనికి కేంద్రం హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). పియెత్రో బిజినెల్లి 1893లో ప్రకటించిన చర్యలో ఆల్డిహైడ్, ఎసిటోఎసిటేట్, యూరియాలను ఒకే ఫ్లాస్కులో వేసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగిస్తారు. దిగుబడి చాలాసార్లు సగానికి మించదు. ఐఐసీటీ బృందాలు ఇదే చర్యను 2001లో బిస్మత్ క్లోరైడ్‌తో, 2003లో బిస్మత్ ట్రైఫ్లేట్‌తో మెరుగుపరిచాయి. ఈ చర్యతో వచ్చే డైహైడ్రోపిరిమిడినోన్ల నిర్మాణం రక్తపోటు మందు నిఫెడిపిన్‌ను పోలి ఉండటంతో ఔషధ పరిశోధకులూ ఆసక్తి చూపారు. ఐఐసీటీలోనే బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం మరో దారి పట్టింది. ఖరీదైన పల్లాడియంను వదలకుండా, దాని నానో కణాలను పొరల హైడ్రాక్సైడ్‌పై నిలిపి, చర్య ముగిశాక వడగట్టి మళ్లీ వాడే పద్ధతిని 2002లో ప్రకటించింది.

1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ)గా మొదలై 2002లో జాతీయ సాంకేతిక సంస్థ (ఎన్‌ఐటీ) అయిన వరంగల్ సంస్థలో బి. రాజిత బృందం అసలు లోహమే లేకుండా ప్రయత్నించింది. 2005లో సల్ఫామిక్ ఆమ్లంతో, మామూలు వేడి మీదా మైక్రోవేవ్‌లోనూ, డైబెంజోజాంథీన్లు అనే కర్బన సమ్మేళనాలను తయారుచేసింది.

అయితే 'హరిత' ముద్రను గుడ్డిగా నమ్మరాదు. ట్రైఫ్లేట్లు తేమ తగిలితే ట్రైఫ్లిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. చర్యను నడిపేది లోహమా, ఆ ఆమ్లమా అన్న వాదన ఇంకా ఉంది. బిస్మత్‌లో చాలా భాగం సీసం శుద్ధిలో ఉప ఉత్పత్తిగానే దొరుకుతుంది. పైగా ఉత్ప్రేరకం మిల్లీగ్రాముల్లోనే సరిపోయినా, తరవాత ఉత్పత్తిని శుద్ధి చేయడానికి సిలికా కాలమ్‌లో పోసే హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ ద్రావణులు లీటర్లకు చేరతాయి. ఈ లెక్క పరిశోధన పత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది.

మందుల పరిశ్రమకు మాత్రం లోహం ఎంపిక తప్పనిసరి లెక్క. మందుల్లో మిగిలే లోహాలపై ఉన్న అంతర్జాతీయ క్యూ3డీ మార్గదర్శకం ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందులో రోజుకు పల్లాడియం 100 మైక్రోగ్రాములు, సీసం 5 దాటరాదు. రాగికి 3,000 వరకు సడలింపు ఉంది. ఇనుముకు పరిమితే పెట్టలేదు.