బస్తర్ డోక్రా

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, ముఖ్యంగా కొండగావ్ పరిసరాల్లో, ఘడవా కళాకారులు మైనం అచ్చుతో పోత పోసే ఇత్తడి శిల్పమే బస్తర్ డోక్రా. మట్టి ముద్దపై తేనెమైనపు పోగులను చుడతారు. నగలు, జడ, కళ్లు అన్నీ ఆ పోగులతోనే తీరుస్తారు. పైన మట్టి పూతలు పూసి కాలుస్తారు. కరిగిన మైనం ఖాళీ చేసిన చోట లోహం నిండుతుంది. బొమ్మ కావాలంటే మట్టి అచ్చు పగలాల్సిందే. కనుక ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు.

మొహెంజొదారో నర్తకి బొమ్మదీ ఇదే పద్ధతి. అంతమాత్రాన ఘడవాలను ఆ శిల్పుల వారసులనలేం. పద్ధతి కలిసినంతలో వంశం కలవదు. ఆదిలాబాద్ ఓజా కళాకారులదీ ఇదే విద్య, వారి పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

సంతకోసం, పట్నపు కొనుగోలుదారుకోసం చేసిన బొమ్మకు కళావిలువ ఉండదని కొందరి వాదన. అది నిలవదు. ఊరి దేవతకు మొక్కుగా ఇచ్చే బొమ్మ కూడా ఎవరో కోరితే చేసిందే; తంజావూరు కంచు విగ్రహాలూ అంతే. కొండగావ్ శిల్పి జైదేవ్ బఘేల్ ఈ విద్యకు దేశవిదేశాల్లో పేరు తెచ్చారు. పాతదనం కోసం చిలుము పట్టించి అమ్మే నకిలీలే అసలు చేటు: అవి కొత్త శిల్పి పేరునూ, పాత బొమ్మ చరిత్రనూ ఒకేసారి చెరిపేస్తాయి. కొనేవారు బొమ్మ వయసు కంటే ముందు, చేసిన ఊరేదో, చేసిన మనిషెవరో అడగాలి.