‘బీసీ-సి’ పుట్టుపూర్వోత్తరాలు

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో క్రైస్తవుడి మతానికీ పౌరసత్వానికీ ఉన్న లెక్క తహసీల్దారు ఇచ్చే కుల ధ్రువీకరణ పత్రం దగ్గర తేలుతుంది. ఎస్సీనా, బీసీ-సినా? ఈ ప్రశ్న మూలాల వయసు దాదాపు నూట అరవై ఏళ్లు.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మొదట కదిలొచ్చింది పడమటి పల్లెల మాదిగలు. వాళ్లకు దారి చూపినవాడు యర్రగుంట్ల పేరయ్య. క్లౌ దొర పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి భక్తి సంగతులే. కానీ వెట్టికి వారంలో సెలవు లేదు, జాతరకు డప్పు కావాలి. కరణాలకూ మునసబులకూ ఇది తిరుగుబాటుగానే కనిపించింది. నీళ్లు కట్టడి చేశారు, కేసులు పెట్టారు. చర్చి వ్యవహారాల్లో సర్కారు తలదూర్చకూడదన్నది బాప్టిస్టుల మూల సిద్ధాంతం. ఆ బాప్టిస్టు దొరే తన సంఘస్థుల కోసం అధికారుల గడప తొక్కాడు. ఈ ప్రాంతంలో క్రైస్తవ రాజకీయం అంటూ ఒకటి మొదలైంది అక్కడే అంటాను.

అప్పట్లో వచ్చిన కరవు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. గిద్దలూరు వైపు నంద్యాల నుంచి ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషన్ వచ్చింది, అక్కడ మాలలు ఎక్కువగా చేరారు.

అసలు గీత పడింది 1936లో. భారతీయ క్రైస్తవులెవరూ షెడ్యూల్డు కులాల్లోకి రారని బ్రిటిష్ సర్కారు ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి దానికో కారణం ఉంది: 1935 చట్టం మద్రాసు అసెంబ్లీలో క్రైస్తవులకు విడిగా 8 సీట్లు ఇచ్చింది. ఒకే మనిషికి రెండు వాటాలు ఎందుకన్నది వాదన. 1949లో రాజ్యాంగ సభలో క్రైస్తవ నాయకులు మతం పేరిట సీట్లు వద్దనుకున్నారు. దేశభక్తికి గుర్తుగా ఆ త్యాగాన్ని అందరూ మెచ్చుకున్నారు. సీట్లు పోయాయి, గీత మాత్రం మిగిలింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. వదులుకున్నవాళ్లు పెద్దలు, నష్టపోయింది పల్లె జనం.

రాష్ట్రం చేసిన సర్దుబాటే బీసీ-సి. 1970లో వెనుకబడిన తరగతుల జాబితాలో, క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలకు 1 శాతం రిజర్వేషన్ కేటాయించారు. ఎస్సీ హోదా పోకూడదనే చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు ఉన్నవాళ్లు కనిపిస్తారు. 2011 జనగణన ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే అంది. ఆదివారం ఈ దారిన వెళ్లేవారెవరూ ఆ అంకెను నమ్మరు.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానించింది. 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఇక యర్రగొండపాలెం 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. బీసీ-సి పత్రం ఉన్నవారు అక్కడ ఓటు వేయవచ్చు. పోటీకి నిలబడే అర్హత లేదు.