గుండె నాళంలో బ్లాక్: స్టెంట్ కావాలా వద్దా తేల్చే ఎఫ్ఎఫ్ఆర్

యాంజియోగ్రామ్‌లో 60 శాతం బ్లాక్ ఉందని డాక్టర్ చెప్పగానే ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: స్టెంట్ వేయాల్సిందేనా? జవాబు యాంజియోగ్రామ్ ఒక్కదానితో ప్రతిసారీ దొరకదు. అది నాళం ఎంత ఇరుకైందో చూపిస్తుంది, ఆ ఇరుకు వల్ల గుండె కండరానికి రక్తం ఎంత తగ్గిందో చెప్పదు. ఆ లెక్క తేల్చేదే ఎఫ్ఎఫ్ఆర్, అంటే ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్. నికో పైల్స్, బెర్నార్డ్ డి బ్రూయిన్ వంటి డాక్టర్లు 1990లలో దీన్ని అభివృద్ధి చేశారు.

ఎలా చేస్తారు?

యాంజియోగ్రామ్ చేసే గొట్టంలో నుంచే ప్రెషర్ కొలిచే సన్నని తీగను బ్లాక్ దాటిస్తారు. రక్తప్రవాహం బాగా పెరిగేలా సాధారణంగా అడినోసిన్ మందు ఇస్తారు. అప్పుడు కొద్దిసేపు ఛాతీ పట్టేసినట్టు, ఆయాసంగా అనిపించొచ్చు. బ్లాక్ తర్వాతి ప్రెషర్‌ను బ్లాక్‌కు ముందున్న ప్రెషర్‌తో భాగిస్తారు. ముందు 100, తర్వాత 75 ఉంటే ఎఫ్ఎఫ్ఆర్ 0.75. విలువ 0.80 లేదా అంతకన్నా తక్కువైతే ఆ బ్లాక్ రక్తాన్ని అడ్డుకుంటోందని లెక్క. అంతకు మించితే సాధారణంగా స్టెంట్ లేకుండా మందులతోనే చూస్తారు. అడినోసిన్ అక్కర్లేని ఐఎఫ్ఆర్ అనే పద్ధతిలో హద్దు 0.89.

పరిశోధన ఏం చెప్పింది?

2009లో వెలువడిన ఫేమ్ అధ్యయనంలో 1,005 మంది రోగులున్నారు. యాంజియోగ్రామ్ మాత్రమే చూసి స్టెంట్లు వేసినవారిలో ఏడాదిలోపు మరణం, గుండెపోటు, లేదా మళ్లీ ప్రొసీజర్ అవసరమైనవారు 18.3 శాతం. ఎఫ్ఎఫ్ఆర్ చూసి వేసినవారిలో 13.2 శాతమే. ఒక్కొక్కరికి పడిన స్టెంట్లు కూడా సగటున 2.7 నుంచి 1.9కి తగ్గాయి.

అలాగని ఇది అన్నిటికీ మందు కాదు. మూడు నాళాల్లోనూ బ్లాకులున్నవారిపై జరిగిన ఫేమ్ 3లో, ఎఫ్ఎఫ్ఆర్ చూసి వేసిన స్టెంట్లు బైపాస్‌తో సరితూగలేదు.

గుర్తుంచుకోవాల్సింది

గుండెపోటు వచ్చినప్పుడు దానికి కారణమైన నాళాన్ని వెంటనే తెరవాలి, ఎఫ్ఎఫ్ఆర్ కోసం ఆగకూడదు. పరిస్థితి నిలకడగా ఉండి, బ్లాక్ మధ్యస్థంగా ఉంటే మాత్రం "ఎఫ్ఎఫ్ఆర్ చేయొచ్చా డాక్టర్ గారూ?" అని అడగడంలో తప్పు లేదు. తీగకు, మందుకు అదనపు ఖర్చు ఉంటుంది కాబట్టి బీమా వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. స్టెంట్ అక్కర్లేదన్నా మందులు మానకూడదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో ఉండాలి, సిగరెట్ పూర్తిగా మానేయాలి.